పట్టుబట్ట కింద పాదాలు

ముఖాలు నాకు గుర్తుండవు. పాదాలను మాత్రం మర్చిపోను. బూట్లూ చెప్పులూ అమ్మే దుకాణంలో ఇన్నేళ్లు పనిచేస్తే ఎవరికైనా ఇదే గతి. వీధిలో ఎవరో ఎదురుపడి "బాగున్నారా?" అంటారు. ఎవరో అంతుపట్టక పళ్లికిలిస్తాను. ఆయన నన్ను దాటిపోయాక, మడమ లోపలికి ఒరిగే ఆ నడక చూసి, ఓహో ఈయనా, గోధుమరంగు తోలు బూట్లు తీసుకున్నాయన కదా అని వెలుగుతుంది. "రేపు నేను తప్పిపోతే పోలీసులకు నా ముఖం చెప్పలేవు, కాలి సైజు చెబుతావు" అంటాడు మా ఆయన.

ఇదంతా ముందే చెప్పడానికి కారణముంది. మ్యూజియంలో జరిగింది తెలిశాక బంధువుల్లో కొందరు నా మీద విరుచుకుపడ్డారు. చెక్కబొమ్మ కాళ్లు చూసి కన్నతండ్రిని అనుమానించే కూతురు ఎక్కడైనా ఉంటుందా అన్నారు. ఉంటుంది. నేనే. వాళ్లకు పాదాల సంగతి తెలియదు, మా నాన్న సంగతి అసలే తెలియదు.

మా నాన్న మందిరాలకు చెక్క విగ్రహాలు చెక్కేవాడు. ఆయనకో పట్టింపు ఉండేది. కంటితో చూడనిదాన్ని ఉలితో చెక్కేవాడు కాదు. ఒక ముని చెయ్యి కావాలంటే, వీధి చివర సైకిళ్లు బాగుచేసే ముసలాయన్ని పట్టుకొచ్చి పొద్దుటినుంచి సాయంత్రందాకా చెయ్యెత్తి నిలబెట్టేవాడు. దేవదూత చెవి కావాలంటే పక్కింటి పసివాడికి బిస్కెట్లు ఇచ్చి కూర్చోబెట్టేవాడు. వాళ్ల వేళ్లకీ ముక్కులకీ దారం పెట్టి కొలిచి, దారానికి ముడులు వేసి, ఆ ముడులను చెక్క మీదికి దించేవాడు. "ఊహించి చెక్కితే అది అబద్ధం. దేవుడి దగ్గర అబద్ధం నిలబెట్టకూడదు" అనేవాడు.

విగ్రహానికి పైన బట్ట కప్పేస్తారని తెలిసినా లోపల పని మానేవాడు కాదు. మిగతా పనివాళ్లు బట్ట కింద ఉత్త దుంగ వదిలేసేవారు, నాన్న మోకాలి చిప్పతో సహా చెక్కేవాడు. "ఎవరు చూస్తారండీ అక్కడ?" అని అడిగితే, "నేను చూశాను కదా" అనేవాడు. ఆ మాటను ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ గొప్పగా చెప్పుకునేవాళ్లం. అమ్మ చెప్పేది, నేను చెప్పేదాన్ని, పిన్ని పక్కన కూర్చుని వినేది.

ఆయనకు పేరు తెచ్చింది పాత మందిరంలో అందరూ 'తల్లి' అని కొలిచే దేవత విగ్రహం. నిలువెత్తు మనిషి అంత ఉంటుంది. మెడ నుంచి నేలదాకా పట్టువస్త్రం కప్పి ఉండేది కాబట్టి జనానికి కనిపించేది ముఖం ఒక్కటే. ఆ ముఖం మా అమ్మది.

నేను కడుపులో ఉన్నప్పుడు ఏదో తేడా వచ్చి డాక్టర్లు అమ్మను నెలల తరబడి ఆసుపత్రి మంచం దిగనివ్వలేదట. నాన్నకు వేళకింత వండిపెట్టడానికి అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, వచ్చి ఇంట్లో ఉంది. ఆ నెలల్లోనే నాన్న విగ్రహం చెక్కాడు. సాయంత్రాలు ఆసుపత్రికి వచ్చి, దారంతో అమ్మ ముక్కూ నుదురూ గడ్డమూ కొలుచుకుని పోయేవాడట. నర్సులు ఒకటే నవ్వట. నన్నెత్తుకుని అమ్మ ఇంటికి వచ్చేసరికి, నాన్న పని చేసుకునే గదిలో తన ముఖంతో తల్లి నిలబడి ఉంది, అప్పటికే బట్ట కట్టేశారు. "నువ్వు లేక ఇల్లు బావురుమంది. అందుకే నిన్ను చెక్కుకున్నా" అన్నాడట నాన్న. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చిందట. అంచేత ఆ విగ్రహానిదీ నాదీ ఒకే వయసు.

ఆ తర్వాత అమ్మ ఆ ముఖానికి తగ్గట్టే బతికింది. ఇందులో ఎగతాళి లేదు. మందిరం మెట్ల మీద ఆడవాళ్లు ఆమెను చూసి గుసగుసలాడుకునేవారు. పసిపిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేవారు. బస్సులో ఎవడైనా తోసినా, కూరగాయలవాడు కుళ్లినవి అంటగట్టినా ఆమె నోరెత్తేది కాదు. "ఈ ముఖం పెట్టుకుని నోరు పారేసుకుంటే ఏం బాగుంటుందే?" అనేది నాతో. నాన్న రోజుల తరబడి ముభావంగా ఉన్నా, పలకరిస్తే కసురుకున్నా అంతే. పైగా నన్ను సముదాయించేది, "కళాకారుడు కదా, ఆలోచనలో ఉంటాడు" అని. నాకున్న కోపంలో సగం ఆమెదే అయ్యుంటుంది. వాడుకోకుండా దాచి దాచి నాకిచ్చింది.

ఇక పిన్ని సంగతి. పిన్ని పెళ్లి చేసుకోలేదు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. నాకు సైకిల్ నేర్పింది, లెక్కలు నేర్పింది, మా ఆయనతో పెళ్లికి ఇంట్లోవాళ్లను ఒప్పించింది పిన్నే. అమ్మ దగ్గర అబద్ధమాడినా పిన్ని దగ్గర నిజం చెప్పేదాన్ని. చిన్నప్పుడు అమ్మమ్మ మిల్లుకు పోతే పిన్నిని పెంచింది అమ్మే. స్నానం, జడ, అన్నం అన్నీ అమ్మ చేతిమీదుగానే. ఒకరోజు ఆటల్లో అమ్మ ఇనుప గేటు విసురుగా మూసింది, అది పిన్ని ఎడమకాలి మీద పడింది. చిటికెన వేలి గోరు ఊడిపోయి మళ్లీ రాలేదు, వేలు లోపలికి మడిచినట్టు ఉండిపోయింది. రెండో వేలేమో మూడోదాని మీదికెక్కి కూర్చుంది. పుండు మానేదాకా రోజూ కడిగి కట్టుకట్టింది అమ్మే. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ అమ్మ తనను తానే తిట్టుకుంటుంది.

పిన్నికి ఆ కాలంటే సిగ్గు. ఇంట్లో కూడా మేజోళ్లు విప్పదు. కొత్త బూట్లు కావాలంటే మా దుకాణం మూసేవేళకు వచ్చి, వెనక గదిలో కూర్చుని, తలుపు వేశాకే కాలు బయటికి తీస్తుంది. ఎడమ బూటులో చెక్క అచ్చు బిగించి సాగదీసి ఇస్తాను, ఆ కాలికి తగ్గట్టు నేనే చెక్కించుకున్న అచ్చు అది. "నా కాలు చూసినవాళ్లు ఈ లోకంలో ముగ్గురేనే. అక్క, డాక్టరు, నువ్వు" అనేది నవ్వుతూ. నేను కూడా నవ్వేదాన్ని.

ఈమధ్య అమ్మకు చూపు పోతోంది. కంటి నరం ఎండిపోతోందట. పక్కల నుంచి మూసుకొచ్చి, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కాస్త మేరే కనిపిస్తుంది. అదీ ఎన్నాళ్లో ఉండదు, చూడాలనుకున్నవి ఇప్పుడే చూసేయండి అన్నాడు డాక్టరు. ఇంకొకరైతే సముద్రమో కొండలో అడిగేవారు. అమ్మ మ్యూజియాలు అడిగింది, అదీ దేవుళ్ల మ్యూజియాలు. మా నగరంలో వాటికి కొదవలేదు.

సెలవు దొరికినప్పుడల్లా ముగ్గురం బయల్దేరేవాళ్లం. అమ్మ పిన్ని మోచెయ్యి పట్టుకుని నడిచేది, వెనకాల సంచులు మోస్తూ నేను. ముందు గ్రంథాల మ్యూజియానికి వెళ్లాం. చీకటి గదులు, అద్దాల పెట్టెల్లో పాత ప్రతులు, బంగారు అక్షరాలు. అమ్మకు ఒక్క అక్షరం కనబడలేదు. పిన్ని చెవిలో చదివి వినిపిస్తూ పోయింది, అర్థంకాని చోట తనే కల్పించి చెప్పింది. అది నాకు తెలిసిపోయి నవ్వాపుకోలేకపోయాను. మరోసారి పూజాసామగ్రి మ్యూజియం. గంటలు, దీపపు కుందెలు, పెద్ద గురువులు కట్టుకున్న బరువైన వస్త్రాలు. ఇంకోసారి కొండరాతి విగ్రహాల ప్రదర్శన. ప్రతి విగ్రహం ముందూ అమ్మ గడ్డం ఎత్తి, చూపు ఆనినంత మేర వెతికి తీర్పు చెప్పేది. "ముక్కు బాగుంది. చేతులు చూడు, పిండి ముద్దలు. మీ నాన్నయితేనా!" కాపలా ఉన్నాయన ఒకరోజు "మీరు ఆచార్యులా అమ్మా?" అని అడిగాడు. "కాదు నాయనా, భార్యను" అంది అమ్మ దర్జాగా.

ఆ పై నెలలో అమ్మ, నాన్న పోయాక ఒంటరిగా ఉంటున్న అద్దె ఇల్లు ఖాళీ చేసి పిన్ని ఫ్లాటుకు మారిపోవాలని అప్పటికే అనుకున్నారు. పూర్తిగా చూపు పోయాక ఒంటరిగా ఉండలేదు కదా. మా ఇంటికి రమ్మని నేను పోరాను, వినలేదు. పిన్ని తన ఇంట్లో గోడల పొడవునా, పట్టుకుని నడవడానికి చెక్క పట్టీ కొట్టించింది. అమ్మ గదికి కొత్త పరుపు వేయించింది. "కళ్లు పోతే పోనీవే, నాకు మా చెల్లి ఉంది" అనేది అమ్మ. ఆ ఒక్క ధైర్యంతోనే ఆమె నిలబడి ఉంది. అది నాకు బాగా తెలుసు కాబట్టే చెబుతున్నాను.

పాత మందిరం పైకప్పు బీటలు వారి, దాన్ని మూసేశాక తల్లి విగ్రహాన్ని పవిత్ర కళల మ్యూజియానికి ఇచ్చారు. పురుగు పట్టిందేమో చూడటానికి వాళ్లు పట్టుబట్ట తీశారు. తీసి నోరెళ్లబెట్టారట. ఇంత పనితనాన్ని ఇన్నాళ్లూ గుడ్డ కింద దాచారా అని, ఇకమీదట బట్ట లేకుండానే నిలబెట్టాలని నిర్ణయించారు. ఆ మ్యూజియంలోనే, చూపు తగ్గినవాళ్లు విగ్రహాలను చేత్తో తాకి చూసే ఏర్పాటు ఉందని తెలిసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ తన ముఖాన్ని తన చేత్తో తాకి చూసుకోవాలి, ఇంతకన్నా ఏమిస్తాను ఆమెకు? వెంటనే ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి, మేము శిల్పి కుటుంబం అనగానే ఎగిరి గంతేసింది.

అప్పుడు మేం పిన్ని ఇంట్లోనే ఉన్నాం, ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"బట్ట లేకుండా నిలబెట్టారా? అయ్యో, సిగ్గుచేటు కదమ్మా" అంది అమ్మ.

"లేదండీ, చాలా మర్యాదగా ఉంది. చెక్కలోనే పల్చటి వస్త్రం చెక్కారు. పాదాలు మాత్రం బయటికి ఉన్నాయి. ఎంత అందంగా ఉన్నాయో!" అంది ఆ అమ్మాయి.

పిన్ని యాపిల్ కోస్తోంది. కత్తి ఆగింది. అది చూశాను కానీ పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి మొదలయ్యాయి సాకులు. మోకాలు నొప్పి. ప్లంబరు వస్తానన్నాడు. ఆ మ్యూజియంలో ఏసీ పడదు. "నువ్వు లేకుండా అమ్మ ఎక్కడికైనా వెళ్లిందా పిన్నీ? నాటకాలు కట్టిపెట్టు" అని నేనే కసిరాను. టాక్సీ ఎక్కించి తీసుకెళ్లింది కూడా నేనే.

మ్యూజియానికి ఆ రోజు సెలవు. మా కోసమే ఒక గది తెరిచి ఉంచారు. ఎత్తైన తెల్లటి గోడలు, పైనుంచి మెత్తటి వెలుతురు, మధ్యలో చెక్క వేదిక మీద తల్లి. మ్యూజియం అమ్మాయి సన్నగా, హడావుడిగా ఉంది. మెడలో బ్యాడ్జి, చేతిలో పల్చటి గ్లవ్స్.

తల ఎత్తి ముఖం చూశాను. అదే మా అమ్మ. వయసులో ఉన్న అమ్మ. కళ్లు సగం మూసి, ఎవరి గోడో ఓపిగ్గా వింటున్నట్టు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "అమ్మా, అచ్చం నువ్వే" అన్నాను. అమ్మ గొట్టంలాంటి చూపును పైకి తిప్పి వెతికింది. "కనిపిస్తోందే. కాస్త కనిపిస్తోంది" అంది చిన్నపిల్లలా.

"వేదిక ఎక్కాలంటే చెప్పులు విప్పాలండీ" అంది అమ్మాయి.

అమ్మ విప్పింది. నేను విప్పాను. పిన్ని వెనక్కి జరిగి, "నేను కిందే ఉంటాలే" అంది. సరే, కాలి సిగ్గు అనుకున్నాను.

అమ్మాయి అమ్మకు గ్లవ్స్ తొడిగింది. "మా దగ్గర ఒక పద్ధతి ఉందండీ. ముందు పాదాల దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా పైకి వెళతాం. విగ్రహం ఎంతుందో చేతికి అందుతుంది, తెలియక తగిలి పడిపోయే భయం ఉండదు."

అమ్మను మెల్లగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని కిందికి దించుతూ నేనూ వంగాను. అప్పుడు చూశాను.

ఎడమ పాదం. రెండో వేలు మూడోదాని మీదికి ఎక్కి కూర్చుంది. చిటికెన వేలు లోపలికి మడిచినట్టు ఉంది. దానికి గోరు లేదు. గోరు చెక్కడం మరిచిపోయాడని కాదు, గోరు ఉండాల్సిన చోట చర్మం ముడతపడి నున్నగా మూసుకుపోయిన తీరు కూడా చెక్కాడు. ఏటా నా ఒళ్లో పెట్టుకుని కొలిచే పాదం అది. బొటనవేలి పక్క ఎముక పొంగు, మడమ మీద వంపు, ఏదీ తేడా లేదు. పుట్టించిన దేవుడు కూడా ఇంత శ్రద్ధ పెట్టి ఉండడు.

లోకంలో ముగ్గురే చూశారన్న పాదం. నాలుగో మనిషి మా నాన్న. చూడనిదాన్ని చెక్కని మా నాన్న.

"అమ్మా, కాళ్లదేముంది, ముందు ముఖం చూద్దువు గాని లే" అన్నాను, చెయ్యి పైకి లాగుతూ.

"పద్ధతి అంటున్నారుగా, ఉండవే" అని అమ్మ చెయ్యి విడిపించుకుంది.

కుడి పాదం తాకింది. వేళ్లు ఒక్కొక్కటీ తడిమి, "ఆహా, గోళ్లు కూడా!" అని మురిసిపోయింది. తర్వాత చెయ్యి ఎడమ పాదం మీదికి వెళ్లింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి వచ్చింది. చిటికెన వేలి దగ్గర ఆమె బొటనవేలు అలాగే ఉండిపోయింది, కట్టు మార్చేటప్పుడు నొప్పి ఉందా అని నొక్కి చూసేవాళ్ల వేలు లాగా.

"ఈ గ్లవ్ తీయొచ్చా అమ్మాయ్?" అంది అమ్మ.

"వద్దండీ, చెమట తగిలితే చెక్కకు మంచిది కాదు."

"సరే" అంది. లేచి నిలబడింది. తర్వాత ఆమె చేతులు పైకి సాగాయి. మోకాలు, నడుము, మోచెయ్యి, భుజం. తెలిసిన ఇంట్లో చీకట్లో నడిచినట్టు, ఎక్కడా తడబడకుండా. చెల్లెలికి తల్లిలా స్నానం చేయించి పెంచిన చేతులు అవి. నేను వద్దనలేకపోయాను, పక్కన కొయ్యలా నిలబడ్డాను. మెడ దాటి ముఖం చేరేసరికి అమ్మాయి ఉత్సాహంగా ముందుకొచ్చింది, "ఇదే అసలు ఘట్టం" అంటూ. అమ్మ ఒక్కసారి చెంప తాకి చెయ్యి తీసేసింది. ముక్కు తాకలేదు, నుదురు తాకలేదు.

"బాగా చెక్కాడు" అంది. "కూర్చోవాలమ్మా. కాసిని మంచినీళ్లు ఇప్పించు."

అమ్మాయి నీళ్ల కోసం పరిగెత్తింది. గోడవార బెంచీ మీద అమ్మను కూర్చోబెట్టాను. పిన్ని అలవాటుగా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నేను పిన్ని ముఖంలోకి చూశాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ ముఖాన్ని గోళ్లతో రక్కేయాలనిపించింది. లెక్కలు నేర్పిన ముఖం, నా జ్వరాలకు నిద్ర కాచిన ముఖం. నా పుట్టుక కోసం అమ్మ మంచానికి కట్టుబడి ఉన్న నెలల్లో, అన్నం వండిపెట్టడానికి వచ్చిన మనిషి.

"ఒసేయ్, నీ ఎడమకాలు ఇలా ఇవ్వు" అంది అమ్మ.

పిన్ని కదల్లేదు.

"బూటు విప్పి ఇవ్వు. చేత్తో చూస్తా."

"ఇక్కడెందుకక్కా..."

"అక్కడున్నది నీ కాలు కాదని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను. ఇన్నాళ్లూ నమ్మలేదా?"

పిన్ని రెండు కాళ్లూ బెంచీ కిందికి ముడుచుకుంది. ఆ ముడుచుకోవడంతోనే అంతా అయిపోయింది. అయినా నేను ఊరుకోలేకపోయాను.

"ఉత్తినే నిలబడ్డావా పిన్నీ? బొమ్మ కోసం, అంతేనా? అంతే అయితే అమ్మకు ఎందుకు చెప్పలేదు? నాకెందుకు చెప్పలేదు? చెప్పు, ఏదో ఒకటి చెప్పు!" నా అరుపు ఖాళీ గదిలో ఖంగున మోగింది.

"నువ్వుండు" అంది అమ్మ నాతో. పిన్ని వైపు తిరిగి, "ఎన్నాళ్లే?" అని అడిగింది.

"నువ్వు ఇంటికొచ్చేదాకా" అంది పిన్ని. "తర్వాత ఎప్పుడూ లేదక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకులే" అంది అమ్మ. విగ్రహం వైపు తల తిప్పి, "ఒళ్లంతా నువ్వై, ముఖం నేనెందుకయ్యాను?" అంది.

పిన్ని ఏడుపు మొదలుపెట్టింది. "ముఖమూ నాదే పెడతానన్నాడు. నేనే వద్దన్నాను. అక్క ముఖం పెట్టు, అక్క సంతోషిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు అన్నాను. చూడనిది చెక్కనంటే, ఆసుపత్రికి పోయి కొలుచుకురా అని... నేనే పంపాను."

అమ్మ చెయ్యి తన ముక్కు మీదికి వెళ్లింది, అక్కడ్నుంచి గడ్డం మీదికి. దారం పెట్టి కొలిచిన చోట్లు. నర్సులు నవ్విన ఆ సాయంత్రాల కథ నేను చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. అమ్మకు జీవితంలో ఎవరైనా పండగలాంటి రోజులు ఇచ్చారంటే అవే. అవి కూడా పిన్ని పెట్టిన భిక్షేనా? నాన్న బతికి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

"మరి ఆయన నాతో మాట్లాడని రోజులన్నీ..." అని మొదలుపెట్టి అమ్మ ఆగిపోయింది. తర్వాత తనలో తనే అనుకున్నట్టు అంది: "ఆలోచనలో ఉన్నాడనుకున్నా. ఒక్కనాడు గట్టిగా అరవలేదు నేను. ఈ ముఖం పాడవుతుందని."

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా..."

"కాళ్ల మాట ఎత్తకు" అంది అమ్మ.

అమ్మాయి నీళ్ల గ్లాసుతో పాటు కెమెరా కూడా పట్టుకొచ్చింది. మా ముఖాలు చూసి, పెద్దాయన జ్ఞాపకాలతో కదిలిపోయారనుకుంది పాపం. గ్లాసు అమ్మ చేతికిచ్చి, చాలా మెల్లగా మాట్లాడింది.

"విగ్రహం పక్కన మీ ఫోటో ఒకటి తీసి బోర్డు మీద పెడదామనుకుంటున్నామండీ. కింద, 'శిల్పి తన భార్యనే నమూనాగా పెట్టుకుని చెక్కారు' అని రాస్తాం. మీకు అభ్యంతరం లేదు కదా?"

అమ్మ నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టింది. లేవబోయింది. పిన్ని అలవాటుకొద్దీ మోచెయ్యి ముందుకు చాపింది. అమ్మ చెయ్యి కూడా అలవాటుకొద్దీ అక్కడికే వెళ్లింది, తగిలింది, వెనక్కి వచ్చేసింది. గాలిలో వెతికి నా భుజం పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు దిగబడ్డాయి.

"ఇంటికి పోదాం. మీ ఇంటికి" అంది నాతో. ఆ తర్వాత అమ్మాయి గొంతు వినిపించిన వైపు ముఖం తిప్పింది. "అలా రాయొద్దమ్మా. అబద్ధమవుతుంది. మెడ పైన నేను. మెడ కింద మా చెల్లెలు. అలాగే రాయండి. ఇదిగో పక్కనే ఉంది, పేరు అడిగి రాసుకోండి."

అమ్మాయి కెమెరా పట్టుకుని అమ్మనూ పిన్నినీ మార్చి మార్చి చూసింది. ఆమెకేం అర్థమైందో గానీ కెమెరాకు మూత పెట్టేసింది.

పిన్ని అమ్మ కొంగు పట్టుకుంది. "అక్కా, వద్దక్కా. పరువు పోతుంది. వచ్చేపోయేవాళ్లంతా చదువుతారు."

అమ్మ కొంగు విడిపించుకుంది.

"చదవనీ" అంది. "నేనైతే చదవలేను కదా."